మూడో మడిలో కేళీ

గడ్డి రకాన్ని నమోదు చేయించుకోవాలంటే దాన్ని పెంచిన మనిషిని కూడా మూడు మళ్లలో నాటి నూట పది రోజులు పరిశీలించాలన్న నిబంధన ఎప్పటినుంచో ఉంది. ఈరవేని ఓదెమ్మకు మాత్రం ఆ సంగతి ఆషాఢంలో, విత్తన నమోదు కార్యాలయం ఆరో నంబరు కిటికీ దగ్గర తెలిసింది. కిటికీ వెనకున్న గుమస్తా ఆమె తెచ్చిన విత్తనాల సంచిని తూచి, రసీదు రాసి, తర్వాత టేపు తీసి ఆమె పాదాలు కొలిచాడు. గుంత ఎంత లోతు తవ్వాలో తెలియాలి కదా. మామూలుగా చీలమండల దాకా చాలని, నేల మెత్తనైతే ఇంకో రెండు అంగుళాలు పోతుందని చెప్పి, మూడుచోట్ల వేలిముద్ర వేయించుకున్నాడు.

గడ్డి తనను పెంచినవాళ్ల పోలిక తెచ్చుకుంటుందని, కుదురులేని మనిషి చేతిలో కుదురైన రకం పుట్టదని నిబంధనలు రాసినవాళ్ల నమ్మకం. వాళ్లలో ఒక్కరూ జన్మలో కొడవలి పట్టినవాళ్లు కారు. అందుకని వాళ్లకు అనుమానం కూడా రాలేదు. కొత్త రకం మూడు పరీక్షలు నెగ్గాలి. ఇప్పటికే ఉన్న రకాలన్నిటికీ భిన్నంగా ఉండాలి, తన మొక్కలన్నీ ఒకదాన్నొకటి పోలి ఉండాలి, మళ్లీ వేసినా అలాగే రావాలి. మనిషికీ ఇవే మూడు. లోకంలో ఎవరిలాగా ఉండకూడదు, కానీ తనలో తాను వెంట్రుకవాసి తేడా ఉండకూడదు. చదువుతుంటే తేలిగ్గానే ఉంటుంది.

ఓదెమ్మది రామంచపల్లె. ఇరవై రెండేళ్లుగా ఆమె పని కంపెనీల విత్తన పొలాల్లో కేళీలు ఏరడం. పొలమంతా ఒకే రకం ఉండాల్సిన చోట ఒకటి పొడుగ్గానో, పొట్టిగానో, ఆకు వేరే రంగులోనో వస్తే దాన్ని కేళీ అంటారు. పూతకు రాకముందే పీకెయ్యాలి, లేకపోతే దాని పుప్పొడి మిగతావాటిని చెడగొడుతుంది. సాలు వెంట నడుస్తూ వెయ్యి మొక్కల్లో తేడాగా నిలబడ్డ ఒక్కదాన్ని పట్టుకోవడం అందరివల్లా కాదు. ఓదెమ్మ మాట్లాడుతూ, ఆకు నములుతూ, పక్కామెను ఆట పట్టిస్తూ కూడా పట్టేది.

ఆమె నమోదుకు తెచ్చిన గడ్డి జొన్న కూడా అలా పీకిందే. ఎనిమిదేళ్ల కింద ఒక కంపెనీ పొలంలో, సన్న కాడతో, ఒకే మొదట్లో పద్నాలుగు పిలకలతో, మిగతా సాలునంతా వెక్కిరిస్తున్నట్టు నిలబడి ఉంటే మొదట్లో పట్టి గుంజి గట్టు మీద పడేసింది. పీకిన కేళీలను పొలానికి దూరంగా తీసుకుపోయి కాల్చెయ్యాలని కంపెనీవాళ్లు చెబుతారు. రోడ్డు దాకా ఎవరు మోస్తారు? కూలీలందరూ గట్టు మీదే వేస్తారు, కంపెనీవాళ్లు చూడనట్టే ఉంటారు. సాయంత్రం ఓదెమ్మ బర్రె సుక్క ఆ గట్టు మీద కుప్పలో మూతి పెట్టి, అన్నిటినీ పక్కకు నెట్టి ఆ ఒక్కదాన్నే నమిలింది. మర్నాడు మళ్లీ అక్కడికే వెళ్లింది. మిగిలిన మోడు మూడు రోజుల వానకు గట్టు మీదే వేరు పట్టి చిగురేసింది. ఓదెమ్మ దాన్ని కంకి వేసేదాకా కాచుకుంది. ఆ తర్వాత ఏడు పంటలు, పాత చీరల ముక్కలతో చిన్న సంచులు కుట్టి కంకులకు తొడిగి, పక్క పుప్పొడి తగలకుండా కాపాడి, బాగున్నవాటి గింజ దాచి, మళ్లీ వేసింది. ఏడో పంటకు గింజ గింజా ఒకేలా మొలిచింది. చౌడు నేలలో కూడా మొలిచింది, అసలు సంగతి అదీ.

ఎందుకంటే రామంచపల్లెలో మేపడానికి మిగిలింది చౌడే. ఒకప్పుడు ఊళ్లో నూట నలభై బర్రెలుండేవి, ఇప్పుడు అరవై రెండు. ఇంకో పది తగ్గితే పాల వ్యాను ఊళ్లోకి రాదని డ్రైవరు ముందే చెప్పాడు. ఊరి పక్క నలభై ఎకరాల సర్కారు చౌడు ఉంది. అందులో పశుగ్రాసం వేసుకుంటామని ఊరంతా అర్జీ పెడితే, నమోదైన రకమైతేనే ఇస్తామని, యాసంగి విత్తనాల వేళకు నమోదు సంఖ్య చూపించకపోతే ఆ భూమి ఇళ్ల ప్లాట్ల వెంచరుకు పోతుందని తహసీల్దారు రాసి పంపాడు. కాబట్టి ఓదెమ్మ గుమస్తా ముందు చెప్పులు విప్పి, రెండు పాదాలూ చక్కగా చాపింది.

నాటిన రోజు చిన్న జల్లు పడింది. పరీక్షాధికారి వసుంధర గొడుగు పట్టుకొని దగ్గరుండి చూసుకుంది. ఒకటో మడిలో ఓదెమ్మను నిలబెట్టి మట్టి కప్పారు. రెండో మడిలో ఓదెమ్మను నిలబెట్టి మట్టి కప్పారు. మూడో మడిలో ఓదెమ్మను నిలబెట్టి మట్టి కప్పారు. ఒక మనిషి ముగ్గురెలా అవుతారన్నది నిబంధనల్లో ఎక్కడా లేదు. మూడు మళ్లలో నాటవలెను అని ఉంది, కాబట్టి అవుతారు. రోజువారీ అన్నాన్ని మూడు సమభాగాలు చేసి ఎరువు వేసినట్టే ఒక భాగం పొద్దున, మిగతా రెండూ తర్వాత పైపాటుగా ఇచ్చారు. నీళ్లు డ్రిప్పు ద్వారా వచ్చేవి.

ప్రతి మడిలోనూ ఓదెమ్మ పక్కన నరహరి ఉన్నాడు. ఆయన ఉద్యోగం చెక్. ఏ కొత్త రకాన్ని పరీక్షించినా పోల్చి చూడడానికి పక్కన ఒక తెలిసిన రకాన్ని వేస్తారు, మనుషుల పరీక్షలో ఆ తెలిసిన రకం నరహరి. ఎత్తు మధ్యస్థం, గొంతు మధ్యస్థం, ఎండకు తట్టుకోవడం మధ్యస్థం. పందొమ్మిదేళ్లుగా మూడు మళ్లలోనూ అలాగే నిలబడి ఉన్నాడు, ఒక్క ఏడాదైనా అంకె మారలేదు. ఆయన మారితే పందొమ్మిదేళ్ల పోలికలన్నీ చెల్లకుండా పోతాయి కాబట్టి తుమ్ము వచ్చినా ఆపుకుంటాడని ఆఫీసులో చెప్పుకుంటారు.

పరిశీలించాల్సిన లక్షణాలు ముప్పయ్యొకటి. మొలక రంగు దగ్గర వర్తించదు అని రాశారు. నిలబడే తీరు నిటారు, ఓ మోస్తరు వాలు, బాగా వాలు అన్న మూడింటిలో నిటారు. పిలిస్తే తల తిప్పడానికి పట్టే సమయం ముగ్గురికీ రెండు సెకన్లు. మొదటి నలభై రోజులు ముగ్గురు ఓదెమ్మలూ కుదురుగానే ఉన్నారు. ముగ్గురికీ నమోదు సంఖ్య కావాలి. మూడో ఆమెకు ఇంకాస్త ఎక్కువే కావాలి, బహుశా అందుకే ఆమె నోరు ఊరుకోలేకపోయింది.

నలభయ్యొకటో రోజున మూడో మడిలో ఓదెమ్మ పక్కకు తిరిగి నరహరిని పలకరించింది.

"అన్నా, ఎప్పటిసంది నిలవడ్డవ్ ఈడ?"

"పందొమ్మిదేళ్లమ్మా."

"నీకేం కూర ఇష్టం?"

నరహరిని ఆ ప్రశ్న ఇంతవరకూ ఎవరూ అడగలేదు. ముప్పయ్యొకటి లక్షణాల్లో అది లేదు. ఆయన ఎదురుగా ఉన్న కంచె వైపు చూస్తూ, "అన్నీ మధ్యస్థంగా ఇష్టం," అన్నాడు.

"గట్ల గాదు. ఒక్కటి జెప్పు. యాది జేస్కొని జెప్పు, తొందరేం లేదు."

ఆ వారమంతా నరహరి యాది చేసుకుంటూనే ఉన్నాడు. ఒకటో మడిలో, రెండో మడిలో ఉన్న నరహరులకు ఈ సంగతి తెలియదు, వాళ్లు హాయిగా ఉన్నారు.

యాభై రెండో రోజున ఇరవై రెండో లక్షణం నమోదు చేయాలి. మీ రకాన్ని ఎలా తయారు చేశారు అని ముగ్గురినీ విడివిడిగా అడగాలి. వసుంధర అట్ట, పెన్ను పట్టుకొని ఒకటో మడికి వెళ్లి అడిగింది. "వరుసగా ఏడు పంట కాలాలు ఎంపిక పద్ధతిని అనుసరించడం ద్వారా," అంది ఒకటో ఓదెమ్మ, దరఖాస్తులో గుమస్తా రాసిన వాక్యాన్ని పొల్లు పోకుండా. రెండో ఓదెమ్మ కూడా అదే వాక్యం, అదే చోట ఊపిరి తీసుకొని, చెప్పింది. మూడో మడిలో ఓదెమ్మ ఒకసారి నోరు తెరిచి, ఆ వాక్యం గొంతు దాకా వచ్చాక, నవ్వింది.

"నేనేం తయారు జేసిన మేడం? పీకి పారేసిన. మా సుక్క తిన్నది. ముందుగాల కనిపెట్టింది అది. నేను దాని ఎనుక వోయిన, గంతే."

వసుంధర పెన్ను ఆగిపోయింది. ఆమెకు నవ్వొచ్చింది, అది ఆమె చేసిన మొదటి తప్పు. జవాబు ఉన్నది ఉన్నట్టు రాసింది, అది రెండోది. రాసిన తర్వాత కొట్టివేతలు చెల్లవు.

ఆ సాయంత్రం లెక్క స్పష్టంగా తేలింది. నూటికి మూడు కేళీల వరకూ ఒప్పుకుంటారు. ముగ్గురిలో ఒకరంటే నూటికి ముప్పై మూడు. రకం ఎంత మంచిదైనా, మనిషి ఏకరూపతలో తప్పితే దరఖాస్తు తిరస్కరించాల్సిందే. మళ్లీ నాటించుకోవాలంటే వచ్చే వానాకాలం దాకా ఆగాలి, అప్పటికి చౌడులో వెంచరువాళ్ల హద్దు రాళ్లు మొలిచి ఉంటాయి.

వసుంధర మంచి మనిషి. నిబంధనల పుస్తకం ఇంటికి తీసుకెళ్లి, పది రోజులు వెతికి పదిహేడో నిబంధన పట్టుకొచ్చింది. పూత దశకు ముందు మడిలోని కేళీని తొలగించవచ్చు, తొలగించిన దాన్ని లెక్కలోకి తీసుకోరు. మనుషులకు పూత దశ అరవై ఐదో రోజని ఎప్పుడో తీర్మానం అయింది. ఇంకా మూడు రోజులుంది. ఒకే ఒక్క షరతు, కేళీని దరఖాస్తుదారే స్వయంగా ఏరాలి.

ఆమె ఈ సంగతి మూడో మడి దగ్గర చెప్పడానికి చాలాసేపు తంటాలు పడింది. పుస్తకం తెరిచింది, మూసింది, ఎండ బాగా ఉందని అంది. ఓదెమ్మ ఆమె ముఖం చూసి తానే అందుకుంది.

"నన్ను పీకాలె. గంతే గదా?"

వసుంధర తలూపింది.

"ఇండ్ల అంత పరేషాన్ ఏమున్నది మేడం? నాకు ఇరవై రెండేండ్ల సంది గిదే పని." తర్వాత అడిగింది, "మిమ్ముల గూడ నౌకరీకి నాటిండ్రా?"

"నాటారు. అందరినీ నాటుతారు."

"మరి మీ మూడోది యాడున్నది?"

వసుంధర అట్ట మీద కాగితాన్ని సరిచేసింది, అది సరిగ్గానే ఉంది. "నిజామాబాద్‌లో ఉందనుకుంటా. పాటలు నేర్పుతుందని ఎవరో చెప్పారు," అంది. "నేనెప్పుడూ వెళ్లి చూడలేదు."

"పోయి రాండ్రి. దగ్గర్నే గదా," అంది ఓదెమ్మ.

అరవై మూడో రోజు పొద్దున ఒకటో ఓదెమ్మను, రెండో ఓదెమ్మను గంటసేపు మట్టిలోంచి బయటికి తీశారు. అనుమతి పత్రంలో గంట అనే ఉంది. ఇద్దరూ కాళ్లు దులుపుకొని మూడో మడికి నడిచొచ్చారు. రెండు నెలలుగా పాతిక అడుగుల దూరంలో ఉన్నా ముగ్గురూ ఒకరినొకరు ఎదురుగా చూసుకోవడం అదే మొదలు. ఒకటో ఓదెమ్మకు ఏడుపొచ్చింది. రెండో ఓదెమ్మకూ అదే నిమిషంలో వచ్చింది. ఏకరూపత పరంగా ఇది మంచి విషయమని పక్కనున్న సహాయకుడు రాసుకున్నాడు. నిజానికి ఆ ఏడుపు ఏడుపే. ఆ ఇద్దరికీ ఎదుటి మనిషిలో తామే కనిపిస్తున్నారు. ఆ మనిషి తమకంటే బాగుందని కూడా తెలుస్తోంది.

"ఏడవకుండ్రే," అంది మూడో ఓదెమ్మ. "మనం పీకిన కేళీలు ఇన్నా అన్నా? ఒక్కటన్న ఏడిసిందా?"

"నిన్నెట్ల పీకుతమే?" అన్నారు ఇద్దరూ ఒకేసారి.

"బర్రెలకు మేత గావాలె. నలభై ఎకరాలు. నేనీడ నిలవడి నవ్వుకుంట గూసుంటే సుక్క ఏం దింటది? పట్టుండ్రి. మొదట్ల పట్టి గుంజాలె, యాదున్నది గదా. నడుమల తెంపితే లోపటి పిలక మళ్ల లేత్తది, మేడం మళ్ల రాసుకుంటది."

వాళ్లకు యాది ఉంది. చెరో పక్క వంగి, చీలమండల దగ్గర పట్టి, మట్టి వదులయ్యేదాకా అటూ ఇటూ కదిపి, ఒక్కసారి గుంజారు. వేళ్లతో సహా వచ్చింది. అంత శుభ్రంగా కేళీ తీయడం తన సర్వీసులో చూడలేదని వసుంధర తర్వాత నివేదికలో రాసింది.

నిబంధన ప్రకారం తీసిన కేళీని మడికి రెండు వందల మీటర్ల దూరం మోసుకెళ్లి, అధికారి సమక్షంలో ధ్వంసం చేసి, పదకొండో నంబరు ఫారం నింపాలి. ఫారం జీపులో ఉండిపోయింది. వసుంధర తీసుకొచ్చే లోపల ఆ ఇద్దరు ఓదెమ్మలూ ఇరవై రెండేళ్లుగా ప్రతి పొలంలో చేసిన పనే చేశారు. ఆలోచించలేదు, ఒకరినొకరు చూసుకోలేదు. కేళీని తీసుకెళ్లి గట్టు మీద పెట్టి, తిరిగొచ్చి ఎవరి గుంతలో వాళ్లు దిగి, ఎవరి పాదాల మీద వాళ్లు మట్టి కప్పుకున్నారు. కంపెనీ పొలాల్లోనైతే విసిరేసేవాళ్లు. ఈసారి మెల్లగా పెట్టారు, అంతే తేడా.

వసుంధర ఫారం పట్టుకొని గట్టు దగ్గరికి వచ్చింది. ధ్వంసం చేసిన విధానము అన్న గడి ఖాళీగా ఉంది. చివరికి అందులో గట్టు మీద వేయడమైనది అని రాసి సంతకం చేసింది. పై అధికారులు దాన్ని చదివి, మామూలే కదా అని ఆమోదించారు.

ఆ రాత్రి నుంచి రెండు రోజులు ముసురు పట్టింది. మూడో రోజు మధ్యాహ్నం ఎండ కాసింది. గట్టు మీద కేళీ లేచి కూర్చుని, చీర కొంగు పిండుకొని, పాదాలకు అంటిన మట్టిని దులపకుండానే బస్సు రోడ్డు వైపు నడక మొదలుపెట్టింది. మూడో మడి పక్కనుంచే పోవాలి. ఓదెమ్మ లేని మూడో మడిలో నరహరి ఒక్కడే ఉన్నాడు. ఆమె దాటిపోతుంటే వెనక నుంచి పిలిచాడు.

"పచ్చిపులుసు," అన్నాడు. "ఉల్లిగడ్డ ఎక్కువేసి."

అది మధ్యస్థమైన గొంతు కాదు. ఆ మూల మళ్లలో పనిచేస్తున్న వసుంధర చెవిన పడింది కూడా. ఆమె పెన్ను మూత పెట్టి జేబులో వేసుకుంది. పందొమ్మిదేళ్ల పోలికలు అలా చెల్లుబాటులోనే ఉండిపోయాయి.

రామంచపల్లెలో ఓదెమ్మ భర్త కొమురయ్య సుక్కకు నీళ్లు పెడుతున్నాడు. పరీక్ష నూట పది రోజులని ఆయనకు తెలుసు, కాబట్టి వాకిట్లో మనిషి అలికిడి అయితే తలెత్తి లెక్కేసుకున్నాడు.

"అరవై ఆరో దినమే గదా. గప్పుడే అచ్చినవ్?"

"నన్ను పీకేసిండ్రు."

"మరి రిజిస్ట్రేషను?"

"అయితది. ఇద్దరున్నరు ఆడ. మంచిగ నిలవడ్డరు, అన్నీ ఒక్క తీర్గ జెప్తున్నరు. పాసైతే పదిహేనేండ్లు ఆన్నే నమూనా కింద ఉంచుకుంటరట."

కొమురయ్య బకెట్టు కింద పెట్టాడు. "గట్లయితే నువ్వెవరివి?"

"కేళీని."

ఆయన ఆమెను కింది నుంచి పైకి చూశాడు. మట్టి కాళ్లు, నానిన చీర, పెదవి చివర ఆపుకున్న నవ్వు. సుక్క అప్పటికే తాడు సాగదీసి ఆమె భుజం నాకుతోంది.

"నేన్ లగ్గం జేస్కున్నది నిన్నే గద నే," అన్నాడు కొమురయ్య. "ఆ ఇద్దరు ఎవరో నాకు తెల్వనే తెల్వదు. ఇంట్లకు రా."

నూట పదో రోజున ఒకటో, రెండో ఓదెమ్మలు ముప్పయ్యొకటి లక్షణాల్లోనూ ఏకరూపంగా తేలారు. రకానికి బర్రెమెచ్చు అని పేరు పెట్టమని దరఖాస్తులో ఉంది కానీ పేరులో పశువుల అభిప్రాయం ఉండకూడదన్న కారణంగా ఈ.ఓ.-7 అని మార్చి నమోదు సంఖ్య ఇచ్చారు. పరిశోధనా క్షేత్రంలో చిన్న సభ జరిగింది. మళ్లలో ఉన్న ఇద్దరికీ ఒకే రంగు శాలువాలు కప్పారు. రకం ఎలా తయారు చేశారని విలేకరులు అడిగితే, వరుసగా ఏడు పంట కాలాలు ఎంపిక పద్ధతిని అనుసరించడం ద్వారా అని ఇద్దరూ చెప్పారు. ఫొటో పేపర్లో పడింది.

పాల కేంద్రం దగ్గర ఆడవాళ్లు ఆ ఫొటోను, ఎదురుగా క్యాను పట్టుకుని నిలబడ్డ ఓదెమ్మను మార్చి మార్చి చూశారు. ఓదెమ్మ జరిగింది జరిగినట్టు చెప్పింది. ఎవరూ పెద్దగా ఆశ్చర్యపోలేదు. లోను కోసం బ్యాంకులో సంతకం పెట్టింది తాను కాదని, ఆ సంతకం పెట్టినామె ఇప్పటికీ బ్యాంకు వరండాలోనే చేతులు కట్టుకొని నిలబడి ఉంటుందని ఒకామె చెప్పింది. పెళ్లిచూపుల్లో కూర్చున్నది తాను కాదని లచ్చక్క చెప్పింది. ఆ తల వంచుకున్న పిల్ల ఏమైందో తనకు తెలియదని, అత్తగారు మాత్రం ఇప్పటికీ ఆమె గురించే అడుగుతుందని అంది. అందరూ నవ్వుకున్నారు, తర్వాత ఎవరి క్యాను వాళ్లు ఎత్తుకున్నారు.

చౌడు భూమి అప్పగించే రోజున తహసీల్దారు ఆఫీసులో మెషిను మీద వేలు పెడితే ఓదెమ్మ ముద్ర చెల్లలేదు. ఆ ముద్ర గల మనిషి పరిశోధనా క్షేత్రంలో ఉన్నట్టు తెర మీద వచ్చింది. కొమురయ్య బల్ల మీదికి వంగి తెర చూశాడు. నలభై ఎకరాలు గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోతాయేమోనని ఓదెమ్మ భయపడింది, వేలు కొంగుకు తుడిచి మళ్లీ పెట్టింది. అక్కడి గుమస్తా మాత్రం తల ఎత్తకుండానే అడిగాడు.

"పీకేశారా, పారిపోయి వచ్చావా?"

"పీకేసిన్రు సార్."

"గట్టు మీద వేశారా?"

"ఏసిన్రు."

ఆయన బీరువా తెరిచి ఇంకో రిజిస్టరు తీశాడు. అలాంటివాళ్ల సంతకాలకు అది వేరే ఉంది. బీరువాలో ఉన్న అసలు రిజిస్టరు కంటే నాలుగింతలు లావుగా ఉంది, అట్ట కూడా ఎక్కువ నలిగింది. ఓదెమ్మ అందులో వేలిముద్ర వేసింది. పక్క గడిలో గుమస్తా, ఓదెమ్మ తరఫున కేళీ అని రాసి ముద్ర కొట్టాడు. తాను కూడా ఈ ఉద్యోగంలోకి అందులో సంతకం పెట్టే వచ్చానని, మధ్యాహ్నం దాటితే రద్దీ ఎక్కువని, ఇంకెవరైనా ఉంటే పొద్దున్నే రమ్మని చెప్పాడు.

యాసంగికి నలభై ఎకరాల్లో ఈ.ఓ.-7 మొలిచింది. చౌడు మీద ఆకుపచ్చగా, ఏ మొక్క చూసినా ఒకటే ఎత్తు, ఒకటే పిలకలు. ఊళ్లో రెండు బర్రెలు పెరిగాయి, వ్యాను రోజూ వస్తోంది. అందులో ఒక ఎకరం విత్తనానికి వదిలారు. విత్తనం ఏకరూపంగా ఉందో లేదో చూడడానికి ఏటా పరీక్షాధికారి వస్తుంది. ఏకరూపత తప్పితే నమోదు రద్దవుతుంది, నలభై ఎకరాలూ పోతాయి, అక్కడ మళ్లలో నిలబడ్డ ఇద్దరి కష్టం కూడా మట్టిలో కలుస్తుంది. ఈసారి వసుంధర వస్తూ, దారిలో నిజామాబాద్‌లో ఒకరోజు ఆగి వస్తానని కబురు పంపింది.

ఆమె రాకముందు ఆడవాళ్లు ఆ ఎకరంలో సాలు వెంట సాలు నడుస్తున్నారు. పదకొండో సాలులో లచ్చక్క ఆగింది. ఆకు అంచు కొంచెం ఎర్రగా, కాడ పక్కకు వాలి, ఒక్క మొక్క తన ఇష్టం వచ్చినట్టు నిలబడి ఉంది.

"ఓదెమ్మా, గిదొకటున్నది. పీకాల్నా?"

ఓదెమ్మ వచ్చి దాని ముందు కూర్చుంది. ఆకును వేళ్ల మధ్య రుద్ది వాసన చూసింది. పీకొద్దని చెప్పాలని ఆమెకు నోటి దాకా వచ్చింది. కానీ సాలు పొడుగునా నలభై ఎకరాల మేత ఉంది, దాని అవతల అరవై నాలుగు బర్రెలున్నాయి.

"పీకు," అంది. "మొదట్ల పట్టి గుంజు, ఏర్లు తెగనియ్యకు. గెట్టు మీద తడి ఉన్న తాన పెట్టు."

లచ్చక్క అలాగే చేసింది. పని అయ్యాక ఓదెమ్మ ఇంటికి వెళ్లి, సుక్క తాడు విప్పి, ఆ గట్టు వైపు తోలుకొని వచ్చింది.